ఇరవై నిమిషాల కునుకు: ఎప్పుడు వాలాలి, ఎలా లేవాలి

మధ్యాహ్నం మూడు కావస్తుంటుంది. కంప్యూటర్ ముందు కూర్చుని ఒకే లైను మూడోసారి చదువుతుంటాం. కళ్ళు తెరిచే ఉంటాయి గానీ చదివింది బుర్రకెక్కదు. తల మెల్లగా ముందుకు వాలుతుంది. ఉలిక్కిపడి సర్దుకుని, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూస్తాం. ఇక కాఫీ. గంట పోయాక ఇంకో కాఫీ. ఆ కాఫీల పుణ్యమా అని రాత్రి పన్నెండైనా నిద్ర పట్టదు. మర్నాడు మళ్ళీ అదే కథ.

నేను చాలా ఏళ్ళు ఇలాగే నెట్టుకొచ్చాను. సెలవు రోజు మాత్రం పాత బాకీ అంతా ఒకేసారి తీర్చేద్దామని మధ్యాహ్నం పడకెక్కితే రెండు గంటలు లేచేవాణ్ణి కాదు. లేచేసరికి బయట వెలుగు తగ్గిపోయి ఉండేది. తల దిమ్ము, చెంప మీద దిండు ముడతలు. అది సాయంత్రమో తెల్లవారుజామో కాసేపు అంతుపట్టేది కాదు. ఆ చిరాకు రాత్రి దాకా వదిలేది కాదు. 'నాకు పగటినిద్ర పడదు' అని అందరికీ చెప్పుకు తిరిగాను. నాకు పడనిది గాఢనిద్ర మధ్యలో లేవడమని చాలా ఆలస్యంగా తెలిసింది.

కునుకు అనగానే అందరం పడుకోవడం గురించే ఆలోచిస్తాం. కిటుకంతా లేవడంలో ఉంది. ఎప్పుడు, ఎంతసేపు, ఎక్కడ అనే ప్రశ్నలన్నీ చివరికి ఆ లేచే క్షణం దగ్గరికే వస్తాయి.

ముందు తూగు సంగతి

మన నిద్రను రెండు శక్తులు నడుపుతాయి. ఈ లెక్కను 1982లో అలెగ్జాండర్ బోర్బెలీ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించారు, నిద్ర గురించి మాట్లాడేవాళ్ళు ఇప్పటికీ అక్కడి నుంచే మొదలుపెడతారు. మొదటిది నిద్ర ఒత్తిడి. మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పేరుకుంటూ పోతుంది. అది పెరిగేకొద్దీ కళ్ళు బరువెక్కుతాయి, నిద్రపోతే తగ్గుతుంది. రెండోది ఒంట్లోని గడియారం. పగలు మనల్ని మేలుకొలిపి ఉంచేదీ రాత్రి పడుకోబెట్టేదీ ఇదే. ఈ గడియారం ఇచ్చే ఊపు మధ్యాహ్నం కాస్త సడలుతుంది. పొద్దుటి నుంచీ పేరుకున్న ఒత్తిడి ఆ సందు చూసుకుని మీద పడుతుంది.

భోజనం వల్లే మగత వస్తుందని చాలామంది అనుకుంటారు. కడుపు నిండా తింటే మగత పెరిగే మాట నిజమే, కానీ అసలు తినకపోయినా ఆ వేళకు తూగు వస్తుంది. కాబట్టి మూడింటికి కళ్ళు మూతలు పడుతుంటే మిమ్మల్ని మీరు బద్ధకస్తులని తిట్టుకోకండి.

ఇక నిద్ర లోపలి సంగతి. కళ్ళు మూసుకున్నాక మొదట మాగన్నుగా ఉండే దశ, కొద్ది నిమిషాలు మాత్రమే. అప్పుడు ఎవరైనా పిలిస్తే 'నేను నిద్రపోలేదే' అంటాం. తర్వాత తేలిక నిద్ర. గుండె వేగం తగ్గుతుంది, ఒళ్ళు వదులవుతుంది. కునుకు లాభంలో పెద్ద వాటా ఇక్కడే దొరుకుతుంది. దాదాపు అరగంట దాటాక గాఢనిద్ర మొదలవుతుంది. ఆ తర్వాత కలలు వచ్చే దశ. అంతా కలిపి ఒక చుట్టు పూర్తికావడానికి సుమారు 90 నిమిషాలు. గాఢనిద్రలో ఉన్నవాణ్ణి లేపితే మనిషి లేస్తాడు గానీ మెదడు లేవదు. ఆ దిమ్మునే నిద్రమత్తు అంటాం. అది పావుగంటలో పోవచ్చు, గంటదాకా సాగనూ వచ్చు.

మొదటి మెట్టు: మీకు కావలసింది కునుకేనా?

పెద్దవాళ్ళకు రాత్రి కనీసం 7 గంటల నిద్ర కావాలి. రోజూ 5 గంటలు పడుకుంటూ 20 నిమిషాల కునుకుతో సర్దేద్దామంటే కుదరదు. వడ్డీ మాత్రం కట్టినట్టు ఉంటుంది, అసలు అలాగే మిగిలిపోతుంది.

రాత్రిళ్ళు గంటల తరబడి నిద్ర పట్టక దొర్లేవాళ్ళు కునుకు జోలికి పోకపోవడమే మంచిది. నిద్రలేమికి చేసే చికిత్సలో పగటి నిద్ర మానమని చెప్పడం మామూలే, ఎందుకంటే రాత్రికి దాచుకోవాల్సిన నిద్ర ఒత్తిడిని పగలే ఖర్చు పెట్టేస్తాం.

ఇంకో రకం ఉంది. రాత్రి 8 గంటలు పడుకున్నా పగలంతా జోగుతుంటారు, పెద్దగా గురక పెడతారు, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడతారని ఇంట్లోవాళ్ళు చెబుతారు. ఇది స్లీప్ ఆప్నియా కావచ్చు. అలాంటివాళ్ళు కునుకు చిట్కాలు వెతకడం ఆపి డాక్టరును కలవాలి. ఉన్నట్టుండి పగటి నిద్ర పెరిగిపోయినా అంతే, రక్తహీనత, థైరాయిడ్, డిప్రెషన్, వాడుతున్న మందులు, ఏదైనా కారణం కావచ్చు.

వీటిలో ఏదీ కాదు, రాత్రి నిద్ర ఓ మాదిరిగా ఉంది, పని ఒత్తిడిలో మధ్యాహ్నం మాత్రం కూలబడిపోతున్నాం అనుకునేవాళ్ళు ముందుకు పదండి.

రెండో మెట్టు: వేళ

పొద్దున మీరు లేచిన టైముకు ఏడు గంటలు కలపండి. ఆరింటికి లేస్తే ఒంటిగంట, ఎనిమిదింటికి లేస్తే మూడు. అటూ ఇటూ ఓ గంట తేడా ఉన్నా ఫర్వాలేదు. మామూలు వేళల్లో పనిచేసేవాళ్ళు మూడు దాటాక కళ్ళు మూయకపోతేనే మేలు. సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరి సోఫాలో 'ఐదు నిమిషాలు' వాలడం ఉంది చూశారూ, అదే అన్నిటికన్నా ఖరీదైన కునుకు. దాని బిల్లు రాత్రి పదకొండుకు వస్తుంది.

మూడో మెట్టు: ఎంతసేపు

ఇక్కడ కాస్త ఆగుదాం, తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి.

ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ యూనివర్సిటీ పరిశోధకులు 2006లో ఓ ప్రయోగం ప్రచురించారు. రాత్రి 5 గంటలే పడుకున్న యువకులను మధ్యాహ్నం వేర్వేరు రోజుల్లో 5, 10, 20, 30 నిమిషాలు నిద్రపోనిచ్చి లేపారు. ఆ తర్వాత మూడు గంటలపాటు పరీక్షలు పెట్టారు. 5 నిమిషాలతో పెద్ద ఒరిగిందేమీ లేదు. 10 నిమిషాలు పడుకున్నవాళ్ళు లేచిన వెంటనే చురుగ్గా ఉన్నారు, ఆ చురుకు రెండున్నర గంటలదాకా నిలిచింది. 20 నిమిషాల నిద్రకూ లాభం వచ్చింది గానీ లేచిన అరగంట తర్వాతే కనిపించింది. 30 నిమిషాలు పడుకున్నవాళ్ళు మొదట ఇంకా మందగించి, ఆ తర్వాత తేరుకున్నారు. పది నిమిషాల నిద్ర ముప్ఫై నిమిషాల నిద్రను ఓడించిందన్నమాట.

నాసా చేసింది మరోటి. మహాసముద్రాల మీదుగా గంటల తరబడి విమానాలు నడిపే పైలట్లకు వంతులవారీగా 40 నిమిషాల విశ్రాంతి ఇచ్చారు. వాళ్ళు సగటున దాదాపు 26 నిమిషాలు నిద్రపోయారు. విశ్రాంతి లేనివాళ్ళతో పోలిస్తే వీళ్ళ స్పందన వేగం బాగుంది. విమానం దిగే వేళకు విశ్రాంతి లేనివాళ్ళలో రెప్పపాటు కునికిపాట్లు కనిపించాయి. అన్నిటికన్నా మెలకువగా ఉండాల్సిన ఘట్టం అదే మరి. 1994లో వచ్చిన ఈ నివేదిక నుంచే '26 నిమిషాల కునుకు' అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. అందులో మంత్రమేమీ లేదు, అది సగటు మాత్రమే.

ఇక మన లెక్క. నిద్ర 10 నుంచి 20 నిమిషాలు ఉండాలి. పట్టడానికి ఐదారు నిమిషాలు పోతాయి. కాబట్టి మామూలుగా అలారం 20 నిమిషాలకు పెట్టండి, నిద్ర పట్టడం ఆలస్యమయ్యేవాళ్ళు 25కు. బాగా అలసిపోయిన రోజున టైము పెంచాలనిపిస్తుంది, సరిగ్గా ఆ రోజే తగ్గించాలి. ఎందుకంటే నిద్ర కరువులో ఉన్న మెదడు గాఢనిద్రలోకి తొందరగా దిగిపోతుంది. ఆ రోజు 15 చాలు.

నిజంగా టైము ఉండి, రాత్రి నిద్ర బాగా చెడితే పూర్తి చుట్టు, అంటే 90 నిమిషాలు పడుకోవచ్చు. గాఢనిద్రా కలల దశా రెండూ పడితే నేర్చుకున్నది గట్టిపడుతుంది. 60 నుంచి 90 నిమిషాల పగటినిద్ర, చూసి తేడా పసిగట్టే ఒక నైపుణ్యంలో రాత్రి నిద్ర చేసినంత మేలు చేసిందని నిద్ర పరిశోధకురాలు సారా మెడ్నిక్ బృందం 2003లో చూపింది. కానీ పని రోజున 90 నిమిషాలు ఎవరికి దొరుకుతాయి? మధ్యలో ఉన్న 40, 50, 60 మాత్రం వద్దు. అక్కడ లేస్తే గాఢనిద్ర నడిమధ్యలో లేచినట్టే.

నాలుగో మెట్టు: చోటు

మంచం మీద, దుప్పటి కప్పుకుని, ఫ్యాను కింద బోర్లా పడుకుంటే 20 నిమిషాలకు లేవడానికి యోగసాధన కావాలి. కునుకుకు మరీ సుఖం పనికిరాదు. వెనక్కి వాలే కుర్చీ, సోఫా, నేల మీద చాప, ఆపి ఉంచిన కారులో వెనక్కి వాల్చిన సీటు, ఇవి సరిపోతాయి. నిటారుగా కూర్చుంటే నిద్ర పట్టడం కష్టం, కాబట్టి వీపును ఎంతో కొంత వాల్చండి. మెడకు ఆసరా ఉండాలి. లేకపోతే తల పక్కకు వేలాడి, లేచాక ఓ రోజంతా మెడ పట్టేసి ఉంటుంది. కారులో అయితే నీడన ఆపి, అద్దాలు కాస్త దించండి. మూసి ఉన్న గ్యారేజీలో ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఎప్పుడూ పడుకోకండి, ఆ పొగ ప్రాణం తీస్తుంది.

కళ్ళకు ఓ గుడ్డ లేదా మాస్క్. చెవుల్లో దూది, లేదంటే ఫ్యాను రొద. కదలకుండా ఉన్నప్పుడు ఒళ్ళు కాస్త చల్లబడుతుంది, పలుచటి కండువా దగ్గర ఉంచుకోండి.

ఆఫీసులో ఎలా అంటారా? ముందుగా ఒక మాట చెప్పేయడం మేలు. నేను మొదట్లో దొంగతనంగా డెస్కు మీద తల వాల్చేవాణ్ణి. ఎవరో వస్తున్నారన్న టెన్షన్‌లో నిద్ర పట్టేదే కాదు. ఒకసారి గట్టిగా పట్టేసింది, లేచేసరికి నా పక్కనే చిన్న మీటింగ్ నడుస్తోంది, అందరూ గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. అది చాలు సిగ్గుతో చావడానికి. అప్పటి నుంచి భోజన విరామంలో చివరి 20 నిమిషాలు ఇందుకని పక్కవాళ్ళకు చెప్పి, ఖాళీ గది చూసుకుంటున్నాను. నవ్వినవాళ్ళలో ఇద్దరు ఇప్పుడు అదే గది కోసం నాతో పోటీ పడుతున్నారు.

ఐదో మెట్టు: కాఫీ తాగి పడుకోవడం

చదవగానే తిరగేసి చెప్పినట్టు అనిపిస్తుంది గానీ లెక్క సరైనదే. కెఫీన్ మెదడుకు చేరి పని మొదలుపెట్టడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. అడెనోసిన్ కూర్చోవాల్సిన కుర్చీల్లో అది ముందే వచ్చి కూర్చుంటుంది. మీరు ఈలోపు కునుకు తీస్తే అడెనోసిన్ కొంత తగ్గుతుంది, కుర్చీలు ఖాళీ అవుతాయి. లేచే వేళకు కెఫీన్ వచ్చి చేరుతుంది. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరా యూనివర్సిటీలో 1990లలో డ్రైవింగ్ సిమ్యులేటర్ మీద చేసిన పరీక్షల్లో, కెఫీన్ తీసుకుని, 15 నిమిషాలకు మించని కునుకు తీసినవాళ్ళు తూగుతో దారి తప్పడం బాగా తగ్గింది.

చిన్న కప్పు, గుటగుటా తాగేయాలి, వెంటనే వాలిపోవాలి. కబుర్లు చెప్పుకుంటూ అరగంట చప్పరిస్తే లెక్క తప్పుతుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే చాలామందికి దాదాపు ఐదు గంటలు పడుతుంది కాబట్టి మధ్యాహ్నం రెండు దాటాక ఈ పద్ధతి వద్దు. గర్భిణులు, గుండెదడ ఉన్నవాళ్ళు, కాఫీ పడనివాళ్ళు ఈ మెట్టు దాటేయండి. కాఫీ లేకపోయినా కునుకు కునుకే.

ఆరో మెట్టు: రెప్ప వాల్చాక

'ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు' అని మనవాళ్ళు ఊరికే అనలేదు. నిజంగా తూగు వస్తే కుర్చీ అయినా బెంచీ అయినా ఒకటే. ఇబ్బందల్లా బుర్ర తిరుగుతూ ఉండటమే. ఆ మెయిల్ పంపానా, మూడున్నరకు కాల్ ఉందా... అందుకని కళ్ళు మూసే ముందు ఓ కాగితం మీద లేచాక చేయాల్సిన మొదటి పని రాసి పెట్టండి. ఒక్కటే, జాబితా వద్దు. ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి, అలారం మాత్రం మోగేలా చూసుకుని, చేయి చాపితే అందనంత దూరంలో పెట్టండి.

తర్వాత దవడ వదులు చేయండి. చాలామంది పళ్ళు బిగించి ఉన్నామని కూడా గమనించరు. భుజాలు కిందికి దించండి. ఊపిరి లోపలికి తీసుకునేదాని కన్నా వదిలేది పొడవుగా ఉండనివ్వండి. అంకెలు వెనక్కి లెక్కపెట్టడం కొందరికి పనిచేస్తుంది. నాకు మాత్రం బాగా తెలిసిన దారిలో నడుస్తున్నట్టు ఊహించుకుంటే మూడో మలుపు దగ్గర స్పృహ ఉండదు.

నిద్ర పట్టలేదా? ఏం పోలేదు. కళ్ళు మూసుకుని కదలకుండా 15 నిమిషాలు ఉన్నా అలసట కొంత తీరుతుంది. 'పట్టి తీరాలి' అనుకున్న క్షణంలో నిద్ర పారిపోతుంది.

ఇక్కడో ముచ్చట చెప్పాలి. థామస్ ఎడిసన్ చేతిలో లోహపు గోళీలు పట్టుకుని కునికేవాడట. నిద్రలోకి జారగానే వేళ్ళు వదులై అవి కింద పడతాయి, ఆ చప్పుడుకు మెలకువ వచ్చి, అప్పుడే తట్టిన ఆలోచన రాసుకునేవాడని చెబుతారు. పారిస్ పరిశోధకులు దీన్ని 2021లో పరీక్షకు పెట్టారు. ఓ లెక్కలో దాగిన సులువు సూత్రాన్ని కనిపెట్టమన్నారు. విరామంలో మాగన్ను దశలో కనీసం 15 సెకన్లు గడిపినవాళ్ళలో 83 శాతం మంది కనిపెట్టారు, మేలుకునే ఉన్నవాళ్ళలో 30 శాతం, ఇంకా లోతు నిద్రలోకి వెళ్ళినవాళ్ళలో 14 శాతం. ఏదైనా చిక్కుముడి దగ్గర ఆగిపోయినప్పుడు నేను తాళంచెవుల గుత్తి చేత్తో పట్టుకుని, చేయి కుర్చీ అంచుకు వేలాడేసి కూర్చుంటాను. గుత్తి నేల మీద ఖంగుమంటుంది. పదిసార్లలో ఏడుసార్లు బుర్రలో మిగిలేది చెత్తే, మిగతా మూడింటి కోసమే ఈ తంటా.

ఏడో మెట్టు: లేవడం

అలారం మోగింది. ఇప్పుడు మీ చెయ్యి స్నూజ్ మీదకు వెళ్తుంది. కునుకు పాడయ్యేది ఈ ఒక్క వేలి దగ్గరే. ఇంకో పది నిమిషాలు అంటే గాఢనిద్ర గుమ్మం తొక్కడం. అందుకే ఫోన్ దూరంగా పెట్టమన్నాను, లేచి నాలుగడుగులు వేస్తే తప్ప ఆగకూడదు.

లేవగానే వెలుగులోకి వెళ్ళండి, కిటికీ దగ్గరికైనా సరే. ముఖం మీద చల్లటి నీళ్ళు కొట్టుకోండి. గ్లాసు నీళ్ళు తాగి, రెండు నిమిషాలు నడవండి. వెలుగు, చల్లటి నీళ్ళు, కెఫీన్, ఈ మూడూ నిద్రమత్తును వదిలించేవే. మొదటి పది నిమిషాల్లో ముఖ్యమైన నిర్ణయాలు, డబ్బు లావాదేవీలు, బండి తాళాలు వద్దు. ఇందాక కాగితం మీద రాసుకున్న పని అప్పుడు అందుకోండి. తేలికైనది రాసి ఉంటే మీకే మంచిది.

కొందరికి లెక్కలు వేరు

రాత్రి షిఫ్టువాళ్ళు డ్యూటీకి ముందు సాయంత్రం 90 నిమిషాలు పడుకుని వెళ్ళడం మంచి అలవాటు, అది ముందుగా బ్యాంకులో వేసుకున్న నిద్ర. షిఫ్టు మధ్యలో అయితే 15-20 నిమిషాలు. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య ఒంటి గడియారం పూర్తిగా పడకేసి ఉంటుంది, అప్పటి కునుకు తర్వాత మత్తు ఇంకా గట్టిగా పడుతుంది, తేరుకోవడానికి టైము ఉంచుకోండి.

పసిబిడ్డ ఉన్న తల్లిదండ్రులకు ఈ పద్ధతులన్నీ చెబితే నవ్వుతారు. వాళ్ళకు వేళ లేదు, కొలత లేదు, బిడ్డ పడుకుంటే పడుకోవడమే. ఒక్క జాగ్రత్త మాత్రం: పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని సోఫాలో జోగకండి, బిడ్డకు ఊపిరాడని ప్రమాదం ఉంది. ఉయ్యాల్లోనో బిడ్డ సొంత పడక మీదో వెల్లకిలా పడుకోబెట్టి అప్పుడు వాలండి.

బండి నడుపుతూ కళ్ళు మూతలు పడుతుంటే పాటల సౌండు పెంచడం, అద్దం దించడం కాసేపటి మోసం. వంద కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు రెప్ప పడితే బండి 80 మీటర్ల పైన గుడ్డిగా వెళ్తుంది. భద్రమైన చోట ఆపండి, కాఫీ తాగండి, 15 నిమిషాలు పడుకోండి, లేచి కాసేపు నడిచి అప్పుడు స్టీరింగ్ పట్టండి. అప్పటికీ తూగు ఉంటే ఆ రోజుకు ప్రయాణం అక్కడితో ఆపేయడమే.

గుండెకు మంచిదా?

గ్రీసులో 23 వేల మందికి పైగా పెద్దలను ఏళ్ళ తరబడి గమనించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, క్రమం తప్పకుండా మధ్యాహ్నం పడుకునేవాళ్ళలో గుండెజబ్బు మరణాలు 37 శాతం తక్కువ కనిపించాయి. అదే చూసి పండగ చేసుకోకండి. గంటకు మించి పగలు పడుకునేవాళ్ళలో మధుమేహం, గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయన్న అధ్యయనాలూ ఉన్నాయి. ఇలాంటివి గమనింపులే తప్ప కారణాన్ని తేల్చవు. పొడవాటి నిద్ర జబ్బు తెచ్చిందో, లోపలున్న జబ్బే మనిషిని పడుకోబెడుతోందో చెప్పడం కష్టం. నా మట్టుకు గుండె పేరు చెప్పి కునుకు తీయను. నాలుగింటికి రాసే మెయిల్‌లో తప్పులు తగ్గుతాయి, ఇంటికి వెళ్ళాక పిల్లల మీద అరవడం తగ్గుతుంది, అంతవరకు చూసుకుంటే చాలు.

మొదటి రెండు వారాలు

మొదటి మూడు నాలుగు రోజులు నిద్ర పట్టదు, వదిలేయకండి. అదే వేళ, అదే చోటు, అదే కుర్చీ. ఒళ్ళు అలవాటు పడుతుంది. ఓ చిన్న కాగితం మీద రోజూ మూడు అంకెలు రాయండి: ఎన్నింటికి వాలారు, అలారం ఎన్ని నిమిషాలకు పెట్టారు, రాత్రి నిద్ర ఎన్నింటికి పట్టింది. లేచాక దిమ్ముగా ఉంటే మర్నాడు ఐదు నిమిషాలు తగ్గించండి. లేచాక తేడా ఏమీ తెలియకపోతే ఐదు పెంచండి. రాత్రి నిద్ర ఆలస్యమవుతుంటే కునుకును గంట ముందే తీసి చూడండి, అప్పటికీ ఆలస్యమవుతుంటే ఓ వారం మానేయండి. నా కాగితం పదకొండో రోజున 18 దగ్గర ఆగింది. ఇప్పుడు చాలా రోజులు అలారం మోగడానికి నిమిషం ముందే కళ్ళు తెరుచుకుంటున్నాయి, అయినా అలారం పెట్టడం మానలేదు.